అయిదుగురి జట్టుకు ట్యాంకు ఎవరు: వారియరా, పాలడిన్నా, డ్రూయిడా?

పంట కాలువ (పాలకొల్లు):
అందరికీ నమస్కారం. మేము అయిదుగురం 2019లో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్ అనే ఆన్‌లైన్ ఆటలో అలయన్స్ పక్షాన ఆడుతున్నాము. మాకు ట్యాంకుగా, అంటే ముందు నిలబడి శత్రువుల దెబ్బలు కాచేవాడిగా, ఉన్న వారియర్ ఉద్యోగరీత్యా హైదరాబాదు వెళ్లి ఆట మానేశాడు. అతని స్థానంలోకి మా పిన్ని కొడుకు వస్తున్నాడు. మొదటి స్థాయి నుంచి మొదలుపెట్టాలి గనుక ఏ క్లాసు (పాత్ర రకం) తీసుకోవాలో ఇప్పుడే తేల్చుకోవాలి. ప్రస్తుతానికి మా ఆట అయిదుగురు కలిసి దిగే డన్జన్లకే (శత్రువులుండే కోటలు, గుహలకే) పరిమితం. మోల్టెన్ కోర్ వంటి నలభై మంది కలిసి చేసే రెయిడ్లు (పెద్ద దాడులు) తరువాతి మాట. అనుభవం ఉన్నవారు కారణాలతో సహా చెప్పవలసిందిగా మనవి.

వశిష్ఠ తీరం (నరసాపురం):
వారియర్ తప్ప మరో ఆలోచన అనవసరం. 60వ స్థాయి ట్యాంకు 63వ స్థాయి బాస్ (పెద్ద శత్రువు) ఎదుట నిలబడినప్పుడు కొన్ని దెబ్బలు ఒకటిన్నర రెట్ల బలంతో పడతాయి. వీటినే క్రషింగ్ దెబ్బలంటారు. షీల్డ్ బ్లాక్ నొక్కి వాటిని నమ్మకంగా ఆపగలిగేది వారియర్ ఒక్కడే. ఎలుగుబంటి రూపంలో ఉన్న డ్రూయిడ్‌కు డాలూ లేదు, ఆయుధంతో కాచుకునే వీలూ లేదు. డిఫెన్స్ అనే కాచుకునే నైపుణ్యాన్ని 440కి చేర్చుకుంటే ఆ బాస్ నుంచి క్రిటికల్ దెబ్బలు (రెట్టింపు బలంతో పడేవి) కూడా పడవు, కానీ ప్లేట్ కవచాల్లో దొరికినంత డిఫెన్స్ తోలు కవచాల్లో దొరకదు. ఇక పాలడిన్ సంగతి సరేసరి: శత్రువును తన వైపు లాక్కునే టాంట్ అనే విద్యనే క్లాసిక్‌లో అతనికి ఇవ్వలేదు.

గోదారి గట్టు (కొవ్వూరు):
ఎలుగుబంటికే నా ఓటు. చూడటానికీ బాగుంటుంది.

రొయ్యల చెరువు (భీమవరం):
వశిష్ఠ గారు ప్రశ్నను సరిగా చదివినట్టు లేదు. క్రషింగ్ దెబ్బ పడాలంటే శత్రువు మనకన్నా మూడు స్థాయిలు పైన ఉండాలి. 60కి చేరిన అయిదుగురు డన్జన్‌లో ఆ బెడదను చూసేది ఎక్కడ? అక్కడ అసలు తలనొప్పి బాస్ కాదు, ఒకేసారి మీద పడే నలుగురైదుగురు శత్రువులు. పాలడిన్ రైచస్ ఫ్యూరీ అనే విద్య వేసుకుని నేల మీద కాన్సెక్రేషన్ అనే మంత్రం పరిస్తే అందరి త్రెట్ (ఎవరి మీద పడాలో శత్రువు చూసుకునే కోపం లెక్క) ఒకేసారి అతనికి జమ అవుతుంది. వారియర్ మాత్రం దెబ్బలు తిని రేజ్ (తన విద్యలకు ఖర్చయ్యే శక్తి) నిండేవరకు ఆగి, ఒక్కొక్కరినీ విడివిడిగా గిల్లుకుంటూ తిరగాలి. స్ట్రాథోమ్, స్కోలోమాన్స్ అనే డన్జన్లలో చచ్చి లేచినవారే ఎక్కువ గనుక అలాంటివారిని కొట్టే ఎక్సార్సిజం కూడా అక్కడ పనికివస్తుంది.

వశిష్ఠ తీరం:
టాంట్ లేనివాణ్ణి ట్యాంకు అని ఎలా పిలుస్తారో ముందు చెప్పండి.

రొయ్యల చెరువు:
దగ్గర నుంచి కొట్టేవాడు ట్యాంకు త్రెట్‌లో 110 శాతాన్ని, దూరం నుంచి కొట్టేవాడు 130 శాతాన్ని దాటితేనే శత్రువు అతని వైపు తిరుగుతుంది. అదే పాలడిన్ మిగిలినవారికి బ్లెస్సింగ్ ఆఫ్ సాల్వేషన్ అనే దీవెన ఇస్తే వారి త్రెట్ 30 శాతం తగ్గుతుంది. చేయి జారనివాడికి లాక్కోవలసిన అవసరం ఎందుకు వస్తుంది? పైగా మనం విదేశీ సర్వర్లలో ఆడుతున్నాము. శత్రువు హీలర్ (జట్టుకు వైద్యం చేసేవాడు) వైపు తిరిగాడని మనకు కనిపించి, టాంట్ నొక్కి, అది అక్కడికి చేరేసరికి హీలర్ నేల మీద ఉంటాడు. కాన్సెక్రేషన్‌ను ఒకసారి పరిస్తే, నెట్ నత్తనడక నడిచినా అది తన పని తాను చేసుకుపోతుంది.

వశిష్ఠ తీరం:
మీ సమాధానం పొడవుగా ఉంది, అందులో టాంట్ మాత్రం లేదు. మానా (మంత్రాలకు ఖర్చయ్యే శక్తి) అయిపోయాక మీ పాలడిన్ ఏం చేస్తాడు? ప్రతి గుంపు తరువాతా కూర్చుని నీళ్లు తాగుతుంటే మిగిలిన నలుగురూ గోడలు చూస్తూ నిలబడాలి.

గౌతమి పాయ (అమలాపురం):
నేను హీలర్‌ని. ట్యాంకును బతికించేది మేము గనుక మమ్మల్ని కూడా అడగవలసింది. డైర్ బేర్ అనే పెద్ద ఎలుగుబంటి రూపంలో తోలు కవచాల విలువ 360 శాతం పెరుగుతుంది. అందువల్ల డన్జన్లలో ఎలుగుబంటి మీద పడే దెబ్బలు చిన్నవిగా, దాదాపు ఒకే తీరుగా ఉంటాయి, నా మానా నిలుస్తుంది. అతనికి గ్రౌల్ అనే టాంట్ ఉంది గనుక వశిష్ఠ గారి షరతు కూడా తీరుతుంది. ఎలుగుబంటి రూపంలో మందు సీసాలు తాగలేకపోవడం నిజమైన లోపమే; దానిని ఎవరూ ప్రస్తావించకపోవడం వింతగా ఉంది. నా మొదటి పాత్ర డ్రూయిడే. ట్యాంకుగా ఆడతానంటే మా గిల్డ్‌లో (ఆటగాళ్ల సంఘంలో) నవ్వి, డ్రూయిడ్ అంటే వైద్యం చేసుకోవడానికే అన్నారు. అలా హీలర్‌గా స్థిరపడ్డాను.

గోదారి గట్టు:
అందుకే ఎలుగుబంటి అన్నాను.

రొయ్యల చెరువు:
వారియరే కావాలని పట్టుబట్టేవారి అసలు లెక్క వేరు. వారియర్‌ను ప్రధాన ట్యాంకు అంటే కవచం, డాలు, ఉంగరం ఏది పడినా మొదట అతనికే దక్కుతుంది. మా పాత గిల్డ్‌లో నలభై మందిమి వారాల తరబడి వంతులు వదులుకుని ఒక వారియర్‌ను ముస్తాబు చేశాము. మంచి గేరంతా ఒంటి మీదికి ఎక్కాక ఆయన మరో గిల్డ్‌కు నడిచారు. ఒకసారి తొడుక్కున్న గేర్ ఇంకొకరికి ఇవ్వడానికి కుదరదు గనుక మా శ్రమంతా ఆయనతోనే పోయింది.

వశిష్ఠ తీరం:
పేరు రాయకపోయినా ఆ వారియర్‌ను నేనేనని ఇక్కడ సగం మందికి తెలుసు. కాబట్టి ఆ కథలో మిగతా సగం కూడా నేనే చెబుతాను. సార్వా కోతలు అయి పనలు చేలో ఉండగా తుపాను హెచ్చరిక వచ్చింది. రాత్రికి రాత్రి కుప్ప వేయకపోతే గింజ మొలకెత్తుతుంది. ఆ రాత్రి నేను రాలేదని గిల్డ్ చాట్‌లో నన్ను అనని మాట లేదు. మీకు మాత్రం కరెంటు పోతే చెరువు నీటికి గాలి అందించే ఏరియేటర్లు ఆగి రొయ్యలు పైకి తేలతాయని, బాస్ సగం ప్రాణంతో ఉండగానే మీరు లేచి జనరేటర్ దగ్గరికి పరుగెత్తినప్పుడు ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. మీ చోట ఇంకొకరు కొడతారు. నా చోట ఎవరూ లేరు. నలభై మంది సాయంత్రాలను ఒక్కడి మెడకు కట్టి, ఆ కట్టుకు కూలిగా గేర్ ఇచ్చి, దానిని దానమని చెప్పడం న్యాయం కాదు.

రొయ్యల చెరువు:
దానం అనలేదు. అప్పు అన్నాను.

వశిష్ఠ తీరం:
అప్పని ముందే చెప్పి ఉంటే తీసుకునేవాణ్ణే కాదు.

గౌతమి పాయ:
అయితే ఇన్ని రోజులుగా మీరిద్దరూ క్రషింగ్ దెబ్బల పేరుతో మాట్లాడుకున్నది ఇదన్నమాట. పంట కాలువ గారూ, మీ తమ్ముడికి మీరు ఏ మాట ఇస్తున్నారు? అతను రాని రోజు ట్యాంకుగా ఎవరుంటారు?

పంట కాలువ:
ఆ విషయం మేము ఆలోచించలేదు. ఈ రోజే మాట్లాడుకున్నాము. మా వాడికి వచ్చే నెల సెమిస్టర్ పరీక్షలు, ప్రతి రాత్రీ రాలేనని చెబుతున్నాడు. అందువల్ల ఇద్దరు ట్యాంకులను పెంచుకోవాలని అనుకుంటున్నాము: అతను డ్రూయిడ్, నేను నా మేజ్‌ను (మాంత్రికుణ్ణి) పక్కనపెట్టి పాలడిన్. అతను వచ్చిన రోజు నేను వైద్యం చేస్తాను, రాని రోజు డాలు పట్టుకుంటాను. ఒకరికి తోలు, ఒకరికి ప్లేట్ కావాలి గనుక కవచాల దగ్గర పోటీ ఉండదు. ఉంగరాలకు, హారాలకు అందరూ రోల్ (పాచికల వంటిది) వేయడమే. తొడుక్కున్నది తొడుక్కున్నవారిదే, వెళ్లిపోయినా అడిగేది లేదు.

రొయ్యల చెరువు:
చివరి నియమంతో నేను ఏకీభవించను. ఆరు నెలల తరువాత వచ్చి మళ్లీ ఇక్కడే రాస్తారు.

వశిష్ఠ తీరం:
చివరి నియమం ఒక్కటే సరిగా ఉంది. పదో స్థాయిలో డ్రూయిడ్‌ను మూన్‌గ్లేడ్ అనే చోటికి పంపే పనిని వాయిదా వేయవద్దని మీ తమ్ముడికి చెప్పండి. ఎలుగుబంటి రూపం, గ్రౌల్ అక్కడే మొదలవుతాయి. పాలడిన్ విషయంలో మాత్రం నా అభిప్రాయం మారలేదు.