మండల పరిషత్ సమావేశంలో అడిగినందుకు పరువు నష్టం నోటీసు – ఏం చేయాలి?

లాయర్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి. మాది కోనసీమ. మా పిన్ని ఎంపీటీసీ సభ్యురాలు. కాలవలో గుర్రపుడెక్క తీయకుండానే బిల్లు పెట్టారని, శివారు చేలకు నీళ్లందక నారుమళ్లు ఎండుతున్నాయని మండల పరిషత్ సమావేశంలో గట్టిగా నిలదీసింది. మినిట్స్‌లో కూడా రాశారు. ఇప్పుడు ఆ కాంట్రాక్టరు పరువు నష్టం దావా వేస్తానని నోటీసు పంపాడు.

సభలో మాట్లాడినదానికి ఎమ్మెల్యేల మీద కోర్టులో కేసు నడవదని రాజ్యాంగం 194(2) అధికరణం చెబుతోంది. ఎంపీలకు 105(2) ఉంది. వాటిలో మండల పరిషత్ ఊసే లేదు. ఈవిణ్ణీ జనమే ఓటేసి పంపారు కదండీ!

క్రిమినల్ కేసు పెడితే, ప్రజల మేలు కోరి సదుద్దేశంతో అన్నదని భారతీయ న్యాయ సంహిత 356 సెక్షన్‌లోని మినహాయింపులు చూపిస్తే నిలబడుతుందా? జవాబుకు మినిట్స్ నకలు జతచేయమంటారా? వచ్చే సమావేశంలో మళ్లీ అడుగుతానంటోంది పిన్ని. అడగనివ్వొచ్చా?