వైఫైలో మా సైటు, మొబైల్ డేటాలో ఖాళీ పేజీ: డొమైన్‌లో ఏం మార్చాలి?

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా పొందూరు. మా బాబాయి వాళ్లు నేసే ఖద్దరు పంచెలకు ఒక చిన్న వెబ్‌సైటు పెట్టాం. వాలుగ చేప దవడతో పత్తి ఏకడం దగ్గర్నుంచి ఫొటోలన్నీ అందులో ఉన్నాయి. డొమైన్ ఒక కంపెనీలో, హోస్టింగ్ ఇంకో కంపెనీలో.

డీఎన్‌ఎస్‌లో (డొమైన్ పేరు ఎక్కడికి వెళ్లాలో చెప్పే పట్టిక) ‘A’ రికార్డుకి (పేరును మామూలు ఐపీ అడ్రసుకి కలిపేది) హోస్టింగ్ వాళ్ల ఐపీ ఇచ్చాం. డబ్ల్యుడబ్ల్యుడబ్ల్యుకి సీనేమ్ (ఒక పేరును ఇంకో పేరుకి కలిపే రికార్డు) పెట్టాం, అది అన్నిచోట్లా బాగానే తెరుచుకుంటోంది. సమస్యంతా ముందు డబ్ల్యుడబ్ల్యుడబ్ల్యు లేని ఒట్టి డొమైన్‌తోనే. ఇంటి వైఫైలో మా సైటు వస్తుంది, అదే ఫోన్‌లో మొబైల్ డేటా పెడితే డొమైన్ కంపెనీ వాళ్ల ఖాళీ పేజీ వస్తుంది. టీటీఎల్ (పాత రికార్డును గుర్తుంచుకునే గడువు) 3600 సెకన్లు మాత్రమే, అంటే గంట. మార్చి రోజులు గడిచాయి కాబట్టి పాత క్యాష్ అనుకోలేను.

రికార్డులన్నీ మళ్లీ చూస్తే, ఒట్టి డొమైన్‌కే ఒక ఏఏఏఏ (AAAA) రికార్డు, అంటే ఐపీవీ6 అనే కొత్త రకం ఐపీ అడ్రసుకి పెట్టేది, కనబడింది. మేం పెట్టింది కాదు. మొబైల్ నెట్‌వర్క్ ఐపీవీ6 వాడుతోంది కాబట్టి ఫోన్ దాన్నే పట్టుకుంటోందని నా అనుమానం. ఉచిత ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్ (సైటుకి https భద్రత ఇచ్చేది) రాకపోవడానికీ ఇదే కారణమా?

హోస్టింగ్ వాళ్లు మాకు ఐపీవీ6 అడ్రసు ఇవ్వలేదు. మరి ఆ రికార్డు తీసేస్తే సరిపోతుందా? సపోర్టు వాళ్లేమో నేమ్‌సర్వర్లే (ఈ రికార్డులన్నీ ఉండే సర్వర్లు) మార్చేయమంటున్నారు. మెయిల్ ఎక్కడికి చేరాలో చెప్పే ఎంఎక్స్ రికార్డులు ఇప్పుడున్న నేమ్‌సర్వర్లలోనే ఉన్నాయి. ఆర్డర్లన్నీ మెయిల్‌కే వస్తాయి, అవి ఆగితే నేతగాళ్లకే నష్టం. అదే నా టెన్షన్. ఈ పని చేసినవాళ్లు ఎవరైనా దయచేసి చెప్పండి.