సమస్య (దీన్ని చివరి పాదంగా పెట్టి పద్యం పూరించాలి): ఎఱ్ఱ చీర తెరకు నెఱ్ఱ గాదు

నిర్వాహకుడు: ఈసారి ఆహార్యం, అంటే నటుల వేషం, అలంకరణ. నాటకమైనా, సినిమా అయినా, బొమ్మైనా సరే. ఎర్రచీర ఎరుపెందుకు కాలేదో పద్యమే చెప్పాలి.

పద్యప్రియ:
పాత ఫిల్ము కెఱుపు పట్టదు, నీలమో
తెల్లఁబోయి తాను తెలుపుఁ జేరు;
నల్లదనమె దక్కు నటి కట్టుకొన్నచో
నెఱ్ఱ చీర, తెరకు నెఱ్ఱ గాదు.

మల్లెపొద: నీలం "తెల్లఁబోయి" తెలుపులో కలవడం భలే ఉందండీ! పాత నలుపు-తెలుపు సినిమాలు తీసిన ఆర్థోక్రోమాటిక్ ఫిల్ముకి ఎరుపు అందదు, అందుకే నల్లగా పడేది. 1920ల చివరికి అన్ని రంగులూ అందే పాన్‌క్రోమాటిక్ ఫిల్ము వాడకం పెరిగాక ఎరుపు కనీసం బూడిదరంగుగా పడింది. "పాత" అన్న మాట లేకపోతే పద్యం అబద్ధమయ్యేది.

తెరవెనుక:
హరితకాంతిప్రభల యందున నిలిచిన
నటిని జూడ నపుడు నలుపె తోఁచు;
దీపశిల్పి కలసి దిద్దఁగ వలెఁ గదా
యెఱ్ఱ చీర తెరకు నెఱ్ఱ గాదు.

గణపరీక్ష: "కాంతిప్రభల" సమాసం కదా, "ప్ర" ముందున్న "తి" గురువైపోయి (రెండు మాత్రల అక్షరమై) ఛందస్సు తప్పింది. "హరితదీపకాంతి యందున" అంటే సరిపోతుంది. విషయం నిజమే: ఎర్రబట్ట ఎరుపునే తిప్పి పంపుతుంది, ఆకుపచ్చటి వెలుతురులో దానికి ఆ ఎరుపు దొరకదు. కానీ తెర ఏదండీ? దీపం ఉంది, నటి ఉంది, తెర జాడే లేదు.

తెరవెనుక: "దీపకాంతి" బాగుంది, అదే ఉంచండి. రంగస్థలం అన్నాక తెర ఉండదా? కిందటి సమస్యలో మీరు నటుడి నెత్తిన మేలిమి బంగారు కిరీటం పెట్టినప్పుడు నేనేమీ అనలేదు. బరువు నగలతో నటుడు అలసిపోతాడని, లక్కతో తేలిగ్గా చేయించమని నాట్యశాస్త్రమే చెబుతోంది. ఆ కిరీటంతో నాటకమంతా ఆడేదెవరు?

గణపరీక్ష: అందులో కిరీటం రాజుది, నటుడిది కాదు. పద్యం మళ్లీ చదవండి.

మల్లెపొద: చదివాను. "రంగమెక్కె" అని మీరే రాశారు, కాబట్టి నటుడిదే. అదలా ఉంచితే, ఆహార్యంలో పుస్తం (తయారుచేసిన రంగవస్తువులు), అలంకారం (బట్టలు, నగలు, దండలు), అంగరచన (ఒంటికి, ముఖానికి వేసే రంగు), సంజీవం (రంగం మీదికి వచ్చే ప్రాణులు) అని నాలుగున్నాయి. మనవాళ్లంతా అలంకారం దగ్గరే ఆగిపోతున్నారు. ముఖానికి వేసే రంగు మీద ఒక్క పూరణా రాలేదు.

గణపరీక్ష:
రంగశాల వెనుక రక్తవర్ణపుఁ దెర
వేలుచుండఁ గనుల వెదకి వెదకి
సత్యఁ గానదయ్యె సభ, నటి కట్టిన
యెఱ్ఱ చీర తెరకు నెఱ్ఱ గాదు.

పద్యప్రియ: ఇదీ మలుపంటే! ఎర్రతెర ముందు ఎర్రచీర కలిసిపోయింది. వెనక ఏ రంగుందో చూడకుండా బట్టలు ఎంచితే సినిమా సెట్లోనూ ఇదే గతి, ఇంట్లో ఎర్ర సోఫా మీద తీయించుకున్న ఫొటోలోనూ ఇదే గతి. "సభ, నటి" దగ్గరి విరుపు చాలా నచ్చింది.

తెరవెనుక: సత్య కనబడకపోవడమేమిటండీ? కూచిపూడి వాళ్ల భామాకలాపంలో సత్యభామగా ఆవిడ మొహం కంటే ముందు కనిపించేది జడ. ఇద్దరు తెర పట్టుకుంటే దాని మీదుగా జడ వేస్తుంది. ఎర్రతెర మీద నల్లజడ ఎంత దూరానికైనా కనిపిస్తుంది. ఆ జడనే వదిలేసి సత్యభామ అంటే నేనొప్పుకోను.

గణపరీక్ష: నా పద్యంలో తెర నటి వెనకుంది. మీరనేది ముందు పట్టే తెర.

నిర్వాహకుడు: ఈ విడత గణపరీక్ష గారిదే. తెరవెనుక గారూ, జడతో ఒక పూరణ రేపటిలోగా పంపండి, దాన్నీ చూస్తాను. సమాసాలు మాత్రం ఒకసారి సరిచూసుకోండి.