బరువు తగ్గే ఇంజెక్షన్ వాడాలా, వ్యాయామం ఒక్కటే చాలా? తల తిరిగిపోతోంది

సందేహి:
పొద్దుట్నుంచీ ఇదే చదువుతున్నాను. ఒకళ్లు అమృతం అంటారు, ఇంకొకళ్లు విషం అంటారు. రోజూ వ్యాయామం చేస్తున్నా. మొదట్లో కాస్త తగ్గాను, తర్వాత ముల్లు కదిలితే ఒట్టు. డాక్టర్‌ని అడిగితే "కావాలంటే రాసిస్తాను, ఆలోచించుకుని చెప్పండి" అన్నారు. ఆలోచించాల్సింది ఆయన కదా! వ్యాయామం చేస్తూ ఆ మందు వాడొచ్చా, లేదా? ఏదో ఒకటి చెప్పండి చాలు.

పొట్టిమాట:
ఏ మందు? ఎత్తు, బరువు ఎంత?

ఇనుపగుండు:
అవన్నీ తర్వాత. వ్యాయామం అంటే ఏం చేస్తున్నారు? నడకా, బరువులా? ఈ మందులతో కొవ్వు ఒక్కటే కరగదండీ. సెమాగ్లూటైడ్ అనే ఇలాంటి మందు మీద జరిగిన స్టెప్ 1 అనే ట్రయల్‌లో కొందరికి స్కాన్ తీసి చూస్తే, తగ్గిన బరువులో 40 శాతం దాకా కొవ్వు కానిదే. అందులో కొంత నీరు, కొంత కండ. పైగా ఆకలి వేయదు కాబట్టి ప్రొటీన్ కూడా సరిగ్గా లోపలికి వెళ్లదు. నడక గుండెకి మంచిదే, కాదనను. కండ నిలవాలంటే మాత్రం వారానికి రెండు రోజులైనా బరువులు ఎత్తాలి. బరువులు లేకపోతే కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి, మళ్లీ మెల్లగా కూర్చోండి. కూర్చునేటప్పుడే అసలు పని. ధబాలున కూలబడితే లాభం లేదు.

నిదానం:
నోరు కట్టుకుంటే ఇవేవీ అక్కర్లేదు. ఈ కాలంలో అన్నిటికీ సూదే.

మాత్రల మూర్తి:
నిదానం గారూ, బరువు తగ్గేకొద్దీ ఒళ్లు ఆకలిని పెంచుతుంది, ఖర్చు చేసే కేలరీలను తగ్గిస్తుంది. ముల్లు ఆగేది అందుకే. బీపీ మాత్ర వేసుకునేవాళ్లని ఉప్పు మానేస్తే చాలదా అని నిలదీస్తామా?

సందేహి:
ఒజెంపిక్ అండీ, అందరూ అనేది అదే కదా. 165 సెం.మీ., 88 కిలోలు. వ్యాయామం అంటే నడకే, ఇంకేముంటుంది!

నిదానం:
చూశారా, ఒజెంపిక్ షుగర్ మందు. బరువు మందు కాదు.

మాత్రల మూర్తి:
అమెరికాలో 2017లో ఒజెంపిక్‌కి షుగర్ కోసం, 2021లో వెగోవీకి బరువు కోసం అనుమతి వచ్చింది. రెండింట్లో ఉన్నది సెమాగ్లూటైడే.

నిదానం:
ఒకటే అయితే రెండు పేర్లెందుకు? వ్యాపారం కాకపోతే!

మాత్రల మూర్తి:
వ్యాపారం లేదని నేనన్నానా? బరువు కోసమైతే 0.25 మి.గ్రా.తో మొదలుపెట్టి, నాలుగేసి వారాలకు ఒక మెట్టు చొప్పున 2.4 దాకా తీసుకెళ్తారు. తొందరపడి పెంచితే వికారం, వాంతులు. పేరు మీద పంచాయితీ ఆపి మోతాదు చూడండి.

పొట్టిమాట:
బీఎమ్ఐ (ఎత్తుతో పోల్చి బరువు చూసే లెక్క) 32. 30 దాటితే మందు రాయొచ్చు. బీపీ, షుగర్ లాంటివుంటే 27 నుంచే. వేరే మందులేమైనా వాడుతున్నారా?

సందేహి:
అబ్బే, ఏం లేవు. షుగర్‌కి గ్లిమెపిరైడ్ ఒకటి వేసుకుంటా, అది ఎప్పట్నుంచో ఉన్నదే.

మాత్రల మూర్తి:
అయ్యా, అది కదా ముందు చెప్పాల్సింది! గ్లిమెపిరైడ్ వేసుకుంటూ ఈ ఇంజెక్షన్, పైన నడక, తిండేమో సగం. షుగర్ పడిపోవచ్చు. వణుకు, చెమటలు, దడ వస్తే అదేనని అనుమానించాలి. డాక్టర్ ఆ మాత్ర తగ్గించాల్సి రావచ్చు, మీ అంతట మీరు మానకండి. షుగర్ ఉంది కాబట్టి, కంటి రెటీనా పరీక్ష చేయించుకున్నారా? ఇంట్లో ఎవరికైనా మెడ్యులరీ థైరాయిడ్ క్యాన్సర్ (థైరాయిడ్ క్యాన్సర్‌లో ఒక రకం) ఉంటే ఇది వాడకూడదు. మీకెప్పుడైనా పాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) వచ్చి ఉంటే ఆ సంగతీ డాక్టర్‌కి చెప్పండి.

ఇనుపగుండు:
ఆపాక సంగతి ఎవరూ చెప్పరేం? స్టెప్ 1లో సగటున 15 శాతం దాకా తగ్గారు, బాగానే ఉంది. మందు ఆపిన ఏడాదికి అందులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చేసింది. డెన్మార్క్‌లో ఇదే కోవకు చెందిన లిరాగ్లూటైడ్ అనే మందుతో ఒక ట్రయల్ చేశారు. మందుతో పాటు వ్యాయామం కూడా చేసినవాళ్లు, ఆపేసిన ఏడాది తర్వాత, ఒట్టి మందు వాడినవాళ్లకంటే బరువును బాగా నిలబెట్టుకున్నారు. కాబట్టి 'మందా, వ్యాయామమా' అన్న ప్రశ్నే తప్పు. ఎన్నేళ్లు వాడాలి, ఆపితే ఏం చేయాలి అని అడగండి మీ డాక్టర్‌ని.

నిదానం:
అంటే జీవితాంతం సూదేనన్నమాట.

ఇనుపగుండు:
కొందరికి అంతే కావచ్చు.

సందేహి:
సరే, గ్లిమెపిరైడ్ సంగతి రేపు ఫోన్ చేసి కనుక్కుంటా. ఇంజెక్షన్ విషయం ఇంకా తేల్చుకోలేదు. థాంక్స్ అండీ.

కొత్తవాడు:
ఇది ఆల్రెడీ వాడుతున్నాను. వికారంగా ఉన్న రోజు వ్యాయామం మానేయాలా, తగ్గించి చేయొచ్చా? ఎవరైనా చెప్పగలరా?