మాంజికర్ట్‌లో వెనక దళం నిలబడి ఉంటే?

పాతకోట: 1071 ఆగస్టు 26. ఇప్పటి తూర్పు టర్కీలోని మాంజికర్ట్ దగ్గర బైజాంటియం (తూర్పు రోమన్ రాజ్యం) చక్రవర్తి రోమనోస్ రోజంతా సెల్జూక్ తురుష్కులను తరిమి, పొద్దువాలాక శిబిరానికి మళ్లమని జెండాలు వెనక్కి తిప్పించాడు. కాపు కాయాల్సిన ఆండ్రోనికోస్ దూకాస్, చక్రవర్తి ఓడిపోయాడని పుకారు లేపి దళంతో సహా జారుకున్నాడు. వాడు నిలబడి ఉంటే అనటోలియా (ఇప్పటి టర్కీలో ఆసియా వైపు భాగం) చేజారేదే కాదు.

లెక్కల మాస్టారు: సైన్యంలో పెద్ద భాగం అసలు అక్కడ లేదు కదండీ. సేనాని తార్కనియోటిస్‌కి ఇచ్చి అఖ్లాత్ కోట మీదికి పంపింది ఎవరు? చక్రవర్తే. సెల్జూక్ సుల్తాన్ ఆల్ప్ అర్స్‌లాన్ అంత దగ్గరికొచ్చాడని కూడా తెలియదు.

పాతకోట: అఖ్లాత్ వదిలేయండి. నేనడిగింది ఆ సాయంత్రం గురించి.

చెరువుగట్టు: అఖ్లాత్ దాటి ముందుకు రండి సార్ ఇద్దరూ :)

లెక్కల మాస్టారు: సాయంత్రమే చూద్దాం. ఆండ్రోనికోస్ తండ్రి జాన్ దూకాస్ (‘సీజర్’ అనే పెద్ద హోదా ఉన్నవాడు) రోమనోస్‌కి బద్ధశత్రువు. ఆయన కొడుక్కి వెనక దళం అప్పజెప్పడమేంటి?

పాతకోట: నా పార్ట్‌నర్ డబ్బుతో ఉడాయించినప్పుడూ ఇదే మాట. ‘నిన్నెవడు నమ్మమన్నాడు?’ షాపు మూసుకున్నది నేను, తప్పూ నాదే! మీలాంటివాళ్ల వల్లే ద్రోహులు దర్జాగా తిరుగుతున్నారు.

లెక్కల మాస్టారు: మీ షాపు సంగతికి బాధగానే ఉంది, కానీ నన్నెందుకు తిడతారు? అంతకు ముందరి చక్రవర్తుల్లో ఒకడైన 9వ కాన్‌స్టంటైన్ ఐబీరియా (స్పెయిన్ వైపుది కాదు, కాకసస్ వైపుది) సరిహద్దు సైన్యాన్ని ఎత్తేసి, ఆ సేవకు బదులు పన్ను వసూలు చేశాడు. బంగారు నాణెంలో బంగారం ఏటేటా తగ్గింది. మీరు దోషిని వెతుకుతున్నారు. నేనడిగేది, ఒక్కడు జారుకుంటే కూలిపోయే స్థితికి రాజ్యం ఎందుకొచ్చిందని.

నల్లమల: అసలు మలుపు యుద్ధం తర్వాతే. సుల్తాన్ డబ్బుకీ, సరిహద్దు పట్టణాలకీ ఒప్పుకుని బందీగా చిక్కిన రోమనోస్‌ని కొద్దిరోజులకే వదిలేశాడు. రాజధానిలో దూకాస్‌లు (ఆండ్రోనికోస్ కుటుంబం) ఆ ఒప్పందాన్ని కాదని అంతర్యుద్ధానికి దిగారు. ప్రాణానికి హామీ ఇచ్చి లొంగదీసుకుని, 1072లో కళ్లు పొడిపించారు. తురుష్కులు లోపలికి వచ్చింది ఆ గొడవల సందులోనే.

పాతకోట: చూశారా, మళ్లీ దూకాస్‌లే! గెలిచి ఊళ్లోకొచ్చినవాణ్ని ఎవడు ముట్టుకునేవాడు?

లెక్కల మాస్టారు: వందేళ్ల ముందటి చక్రవర్తి నికెఫోరోస్ ఫోకాస్ గెలవలేదా? 969లో అంతియోక్ నగరం చేతికొచ్చింది. ఆ డిసెంబరులోనే రాజభవనంలో పొడిచి చంపారు.

పాతకోట: చంపించింది ఎవరు? భార్యా, మేనల్లుడూ. అదీ ఇంటి ద్రోహమే. మీరే నా మాటకొచ్చారు.