సరిహద్దులో ఉమ్మడి విమానాశ్రయం: బాసెల్ పద్ధతి మనకు పనికివస్తుందా?

హిందూపురం సభ్యుడు: స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరానికి విమానాశ్రయం పొరుగుదేశమైన ఫ్రాన్స్ నేలమీద ఉంది. 1949లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఫ్రాన్స్ స్థలమిచ్చింది, నిర్మాణ ఖర్చు స్విట్జర్లాండ్ భరించింది. ఆ విధంగానే ఆంధ్రప్రదేశ్, కర్ణాటక కలిసి మా హిందూపురం దగ్గర అంతర్జాతీయ విమానాశ్రయం కట్టుకోకూడదా?

కడప సభ్యుడు: తప్పకుండా కట్టుకోవాలి. కడపలో 2015 నుంచి విమానాశ్రయం ఉన్నా, అక్కడి నుంచి గల్ఫ్‌కు నేరుగా విమానం లేదు కాబట్టి కువైట్‌కు పోయే మావాళ్లందరూ చెన్నై, బెంగళూరు వంటి నగరాలకు చేరవలసిందే. మా పిన్నమ్మ కొడుకు పోయినసారి తెల్లవారుజాము విమానానికి ముందురోజు మధ్యాహ్నమే ఇల్లు వదిలాడు. చింతపండు, ఊరగాయ సర్ది నైలాన్ తాడుతో బిగించిన అట్టపెట్టెను ఒళ్లో పెట్టుకుని బెంగళూరు విమానాశ్రయమున్న దేవనహళ్లి దాకా కూర్చున్నాడు.

అనంతపురం సభ్యుడు: అన్నా, మీ కష్టం నిజమే. అయితే బాసెల్‌లో పెద్ద విమానాశ్రయానికి చాలినంత చదును నేల లేకనే ఆ నగరం సరిహద్దు దాటింది. కర్ణాటకకు అటువంటి అవసరం లేదు. దేవనహళ్లిలో సుమారు 4,000 ఎకరాల విమానాశ్రయం 2008 నుంచి నడుస్తోంది, అందులో ఆ రాష్ట్ర ప్రభుత్వ సంస్థకు వాటా కూడా ఉంది. పైగా, అది ప్రారంభమైన నాటి నుంచి 25 ఏళ్ల దాకా, అంటే 2033 వరకు, మైసూరు, హాసన్ మినహా 150 కిలోమీటర్ల లోపల మరో అంతర్జాతీయ విమానాశ్రయం రాకూడదని కేంద్రంతో చేసుకున్న ఒప్పందంలోనే ఉంది. హిందూపురం ఆ పరిధిలోనిదే.

నాకున్న భయం మరొకటి. బాసెల్‌లో పాలకమండలిలో రెండు దేశాలకూ సమాన స్థానాలున్నాయి. మన దగ్గర ముందు సర్వేరాళ్లు పాతుతారు, హక్కుల సంగతి తరువాత చూద్దామంటారు. వేరుశనగ చేను ఇచ్చిన రైతుకు ఏమి దక్కుతుందో, రాబడిలో మన రాష్ట్రానికి ఎంత వాటా వస్తుందో కాగితం మీద పడేదాకా ఒక్క ఎకరం కూడా తీసుకోరాదు.

కడప సభ్యుడు: రైతు మాట ముందు రాయాలన్నది నాకూ సమ్మతమే. అయితే 2033 దాకా ఆగి, అప్పుడు చర్చలు మొదలుపెడదామంటే ఒప్పుకోలేను. రెండేళ్లకొకసారి సెలవుమీద వచ్చే మా తమ్ముడు ఈలోగా ఇంకా ఎన్నిసార్లు ఆ అట్టపెట్టెతో దేవనహళ్లికి పోవాలి? ఒప్పందం ముసాయిదా ఇప్పుడే రాయించాలి, అందులో మొదటి పేజీ భూమి ఇచ్చేవారిదే కావాలి.