1914 జర్మన్ ప్లాన్: ఆ రెండు కోర్లు ఉండి ఉంటే?

ప్రశ్న (గాజువాక నుంచి)
మా స్టడీ సర్కిల్‌లో మొదటి ప్రపంచ యుద్ధం మొదట్లో, 1914లో, బెల్జియం మీదుగా వచ్చి ఫ్రాన్స్‌ని త్వరగా ఓడించాలన్న జర్మన్ ప్లాన్ మీద మ్యాప్ పెట్టి చర్చ చేస్తున్నాం. జర్మన్ సేనాధిపతి మోల్ట్కే ఆగస్టు చివర రెండు కోర్లని (వేలాది సైనికులుండే పెద్ద దళాలు) తూర్పున రష్యా వైపుకి పంపబట్టే పారిస్ దక్కలేదని అన్ని గైడ్లలోనూ ఉంది. పంపకపోయి ఉంటే ప్లాన్ నెగ్గేదా అండీ? లెక్కలతో చెప్పగలరా?

వాల్తేరు నుంచి
ముందు ఆ కోర్లకి తిండి ఎలా చేరేదో చూడాలండి. సరిహద్దు దాకా ఏర్పాటు అద్భుతం. ఒక్కో కోర్‌కి 140 రైళ్లు, 6,010 వ్యాగన్లు. కొలోన్‌లో రైన్ వంతెన మీద ఆగస్టు 2 నుంచి 18 దాకా 2,150 రైళ్లు దాటాయి, సుమారు పది నిమిషాలకొకటి. బెల్జియంలో అడుగుపెట్టాక ఆ టైంటేబుల్ చెల్లలేదు. వెనక్కి తగ్గుతూ బెల్జియన్లు వంతెనలు, సొరంగాలు పేల్చేశారు. మన కొత్తవలస–కిరండూల్ లైన్లో ఒక్క సొరంగం మూసుకుపోతే ఏమవుతుందో వైజాగ్ వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

రైలు ఆగిన చోటి నుంచి సరుకంతా గుర్రబ్బండ్ల మీదే. అవి సరిగా అందించగలిగేది సుమారు 40 కిలోమీటర్లు. దూరం పెరిగేకొద్దీ మోసుకెళ్లే దాణాని లాగే గుర్రాలే తినేస్తాయి. జనరల్ క్లుక్ నడిపిన జర్మన్ ఫస్ట్ ఆర్మీలో 84 వేల గుర్రాలు, రోజుకి దాదాపు 900 టన్నుల దాణా. అంత పంపడం కుదరక పొలాల మీద పడ్డారు. పచ్చి పైరు తిని గుర్రాలు జబ్బుపడ్డాయి. మొత్తం సైన్యానికి ఉన్న లారీలు 4,000 వరకు. పారిస్ దగ్గరి మార్న్ నది చేరేలోపే అరవై శాతం మూలపడ్డాయి.

సీతమ్మధార నుంచి
ఇరుకు దారి సంగతి కూడా చేర్చండి. మోల్ట్కేకి ముందు సేనాధిపతి అయిన శ్లీఫెన్ 1905లో రాసిన ప్లాన్ పత్రంలో డచ్ భూభాగం మీదుగానూ దారి ఉంది. మోల్ట్కే దాన్ని వదిలేశాడు, యుద్ధం సాగితే దిగుమతులు రావలసిన దారి అదేనని. దాంతో రెండు ఆర్మీలు బెల్జియంలోని లీజ్ నగరం దగ్గర ఒకే సందులో దూరాయి. అక్కడ 12 కోటలు. చివరిది లొంగింది ఆగస్టు 16న.

కానీ వాల్తేరు మాస్టారూ, కోర్ల మాట అంత తేలిగ్గా తీసెయ్యలేం. సెప్టెంబరు 9 నాటికి ఫస్ట్, సెకండ్ ఆర్మీల మధ్య 40 కిలోమీటర్ల పైచిలుకు ఖాళీ, కాపలా ప్రధానంగా గుర్రపు దళానిదే. బ్రిటిష్ వాళ్లు దూరింది అందులోకే. పైగా ఆ రెండు కోర్లూ చేరేసరికి తూర్పున రష్యన్లతో టానెన్‌బెర్గ్ యుద్ధం ముగిసిపోయింది.

వాల్తేరు నుంచి
ఒప్పుకుంటానండి, ఆ ఖాళీ నిండేది. కానీ పారిస్ దాకా అంటే కష్టమే. గాజువాక మిత్రమా, మ్యాప్ మీద ముందు ఏ రోజుకి రైలు ఏ స్టేషన్ దాకా వచ్చిందో గుర్తు పెట్టండి. దాని చుట్టూ 40 కిలోమీటర్ల గీత గీసి, ఆ తర్వాతే ఆర్మీ బిళ్లలు జరపండి.